నీలం గీత పైపుకి యాభై ఏళ్ల గ్యారంటీ

ఇనప పైపులు వాడుతున్న ఊళ్ల మీద నాకు కోపం లేదు. జాలి మాత్రం ఉంది.

పాపం, వాళ్ల పైపులు తుప్పు పడతాయి. జాయింట్ల దగ్గర కారతాయి. పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు ఓ చెంబెడు ఎర్రనీళ్లు వస్తాయి. రెంచి పట్టుకుని ఎవడో ఒకడు ఎప్పుడూ గోతిలో దిగి ఉంటాడు. ఈ రోజుల్లో కూడా ఇదేం బతుకండీ!

మా ఊరు చూడండి. మూడేళ్ల క్రితం ఇంటింటికీ ప్లాస్టిక్ పైపు వేశారు. ఒళ్లంతా నలుపు, పొడుగునా నీలం గీత. ప్రతి గడప పక్కనా సిమెంటు దిమ్మ, దిమ్మలోంచి పైకి లేచిన పైపు, దాని చివర ముద్దుగా ఓ ప్లాస్టిక్ కుళాయి. ఈ మూడేళ్లలో ఒక్క చోట తుప్పు పడితే ఒట్టు! ఒక్క జాయింటు కారితే ఒట్టు! సగం నీళ్లు దారిలోనే పోతున్నాయని చుట్టుపక్కల ఊళ్లు మొత్తుకుంటుంటాయి. మా ఊళ్లో దారిలో పోయిన చుక్క ఒక్కటి చూపించండి, నా పెన్షన్ పుస్తకం మీకిచ్చేస్తాను.

ఇంత ఘనత ఎలా సాధించారని అడుగుతారు. చాలా తేలిక. మా పైపులో నీళ్లు రావు.

అలా నొసలు చిట్లించకండి. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో పిల్లలకి ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆధారం లేకుండా మాట్లాడను. పైపు పాడయ్యేది దేనివల్ల? నీళ్లవల్ల. పాచి పట్టేది దేనివల్ల? నీళ్లవల్ల. పగిలేది దేనివల్ల? నీళ్ల ఒత్తిడివల్ల. శత్రువును గుమ్మంలోకే రానివ్వకుండా ఆపిన పైపు గొప్పదా, రానిచ్చి పదేళ్లకే చచ్చిపోయిన పైపు గొప్పదా? మీరే చెప్పండి.

మా ఊరు చీపురుపల్లికి తొమ్మిది కిలోమీటర్లు. పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు కంప్యూటర్లో వెతుకుతారు. అక్కడ మా ఊరి పక్కన పచ్చరంగులో ‘నూరు శాతం’ అని ఉంటుంది. అప్పుడు నన్ను అబద్ధాలకోరు అంటారు. ఈ వయసులో నాకా మాట అవసరమా?

సరే, ప్లాస్టిక్ పైపు లాభాలు విడివిడిగా చెబుతాను, రాసుకోండి.

మొదటిది బరువు. మా వీధికి ఇనప పైపు వేయాలంటే ట్రాక్టరు, గొలుసులు, పదిమంది మనుషులు కావాలి. ప్లాస్టిక్ పైపుని ఇద్దరు మనుషులు చుట్టగా చుట్టి భుజాన వేసుకుని, బీడీ ఆరిపోకుండా ఊరంతా పరిచేశారు. జానెడు లోతు తవ్వారు. కొన్నిచోట్ల అదీ తవ్వలేదు, నేలకి కష్టం కలిగించడం ఎందుకని ఊరుకున్నారు.

రెండోది నునుపు. లోపలి గోడ అద్దంలా ఉంటుంది కనక రాపిడి తక్కువ. దీని లాభం మీకు మే నెలలో తెలుస్తుంది. కుళాయి తిప్పగానే ‘హుస్’ మని ఎంత సాఫీగా వస్తుందండీ గాలి! ఆ ధారాళం ఇనప పైపులో ఎక్కడిది? కరెంటు పోయినప్పుడు మా వీధివాళ్లు కుళాయి తిప్పుకుని ముందు కూర్చున్న రోజులున్నాయి.

ఇక ధ్వని. ఖాళీ గొట్టంలో ధ్వని చక్కగా ప్రయాణిస్తుందని ఎనిమిదో తరగతిలో నేనే పాఠం చెప్పాను, కానీ రుజువు చూసింది మాత్రం రిటైరయ్యాకే. పై వీధి సోములు ఓ పొద్దున్న తన కుళాయి పక్కన కూర్చుని, మా ఆనప పాదుని మేకకి మేపింది తనేనని పెళ్లానికి చెప్పి నవ్వుకున్నాడు. కింది వీధిలో మా కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్న నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. మరి ఇనప పైపులో నీళ్లు నిండి ఉంటే ఈ నిజం బయటపడేదా? సోములుకీ నాకూ అప్పటినుంచి మాటల్లేవు, అది వేరే విషయం.

ఇతర ఉపయోగాలకి లెక్కే లేదు. మిగిలిన ముక్కలతో ఆనప పందిళ్లు వేశాం. బట్టలు ఆరేసుకునే దండేలు కట్టాం. మా వీధి అసిరయ్య సిమెంటు దిమ్మకి తన పెయ్యని కట్టేస్తాడు, దిమ్మ గట్టిదే. మా ఇంటావిడ కుళాయికి కూరల సంచి తగిలిస్తుంది. గొట్టంలో గండుచీమలు కాపురం పెట్టాయి, వాటికీ ఒక నీడ దొరికింది.

అన్నిటికన్నా పెద్ద లాభం చివరికి దాచాను. ఈ పైపుకి యాభై ఏళ్ల గ్యారంటీ! మూడేళ్లు గడిచాయి. ఇంకా నలభై ఏడేళ్లున్నాయి. ఈలోగా నీళ్లు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రావచ్చు. తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. పైపు సిద్ధం.

ఇందులో నాకేదో స్వలాభం ఉందని అనుమానించేవాళ్లు ఉంటారు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, చీపురుపల్లి స్టేషను రోడ్డులో పైపులు, ఎల్బోలు, కుళాయిలు అమ్మే గిరిబాబు స్వయానా మా బావమరిది. కానీ మా ఊరికి పైపు వేసింది అతను కాదు. ఓసారి అతని కొట్లోనే కూర్చుని, ఇదేం పైపురా, నీళ్లు రావడంలేదని గట్టిగా అరిచాను. అతను కొనుగోలుదార్ల వంక చూసి నవ్వి అన్నాడు:

“బావా, పైపు మీద అరిస్తే ఏటి లాభం? దాని పని బోలుగా ఉండడం. అది సేస్తన్నాది. అందులో ఏటి పంపాలన్నది పంపినోడి పని.”

ఆ క్షణం నుంచి నేను పైపు పక్షం. పంపినవాడి పక్షం ఎవరైనా ఉంటే, వాళ్లు వేరే కాలమ్ రాసుకోవచ్చు.

ఇప్పుడు మా లక్ష్మణమ్మప్ప గురించి చెప్పాలి. ఈ పైపు కథంతా ఆవిడ చుట్టూ తిరిగింది.

మా ఇంటికి ఎదురిల్లు. చుట్టరికం లేదు, కానీ పుట్టినప్పటినుంచి అప్ప అనే, అంటే అక్క అనే పిలుస్తాను. నాకన్నా ఆరేళ్లు పెద్ద, ఒంటరి మనిషి. మా ఊరి దేవత అసిరితల్లికి ఏటా ముర్రాటలు పోసేటప్పుడు మొదటి బిందె ఆవిడదే. ముర్రాటంటే మా ప్రాంతం వాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇతరులకి చెబుతున్నాను: బిందెలో నీళ్లు, పసుపు, వేపరొట్ట వేసి, తలమీద పెట్టుకుని, డప్పులతో వెళ్లి అమ్మవారి ముందు పోస్తారు. తల్లి చల్లబడితే ఊరు చల్లగా ఉంటుందని నమ్మకం. మా ఊళ్లో దీనికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కొత్త నుయ్యి తవ్వినా, కొత్త బోరింగు వేసినా, కొత్తనీళ్లు ముందు అమ్మవారికి. ఆ తరవాతే మనిషి గొంతు తడవాలి. రచ్చబండ పక్కన చేతిబోరింగు వేసినప్పుడూ అదే జరిగింది. అప్పుడు కూడా మొదటి బిందె ఆవిడే ఎత్తింది.

అందుకే కుళాయిలు వేసేటప్పుడు, ఊరికో నీటి సంఘం ఉండాలి, దానికో అధ్యక్షురాలు ఉండాలి అని ఆఫీసువాళ్లు అంటే, ఊరంతా ఒకే పేరు చెప్పింది. చదువు రాదు కనక కాయితాల మీద ఆవిడ వేలిముద్ర, పక్కన సాక్షిగా నా సంతకం.

ప్రారంభం రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ముందురోజే ఓ ట్యాంకర్ వచ్చి, ఊరి చివర కొత్త ట్యాంకులోకి మోటారుతో నీళ్లెక్కించి వెళ్లిపోయింది. ఎందుకని అడిగితే టెస్టింగ్ అన్నారు. మర్నాడు పెద్దలు వచ్చారు. మొదటి కుళాయికి బంతిపూల దండ వేశారు. మనుషులకి వేద్దామని తెచ్చిన దండే, కుళాయికి కూడా సరిపోయింది. రిబ్బను కత్తిరించారు. కుళాయి తిప్పారు.

నీళ్లొచ్చాయండీ!

నేను వాచీ చూసుకున్నాను, సైన్సు మాస్టారి అలవాటు. ఊళ్లో అరవై రెండిళ్లు. ప్రతి ఇంటి ఆడమనిషీ బిందె పట్టింది. పసుపు కలిపింది, వేపరొట్ట వేసింది. లక్ష్మణమ్మప్ప ముందు నడిచింది, డప్పులు మోగాయి, అరవై రెండు ముర్రాటలూ తల్లి ముందు పోశారు. గుడి ముందు నేలంతా పసుపు బురదయింది. ఆ ఆనందం చూసి ఫోటోగ్రాఫరు కూడా దణ్ణం పెట్టాడు.

తిరిగొచ్చి, ఇక మనం తాగడానికి పడదాం అని బిందెలు కడిగి కుళాయిలు తిప్పారు.

హుస్.

మొత్తం పదకొండు నిమిషాలు వచ్చాయి. ఆ పదకొండు నిమిషాల నీళ్లూ అమ్మవారికే వెళ్లాయి. మా ఊళ్లో ఒక్క మనిషి నాలుక మీద ఒక్క చుక్క పడలేదు. మా కుళాయి నీళ్లు తియ్యనో, ఉప్పనో ఈ రోజుకీ మాకు తెలీదు. తెలుసుకోవాలంటే అసిరితల్లినే అడగాలి.

రెండు నెలలకి ఆఫీసు నుంచి రేఖ అనే అమ్మాయి ఫోను పట్టుకుని సర్వేకి వచ్చింది. మంచి పిల్ల, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో ఇల్లిల్లూ తిరిగింది. మొదట అధ్యక్షురాలి ఇల్లు.

“అమ్మమ్మా, మీ కుళాయికి నీళ్లొచ్చాయా?”

ఫోన్లో రెండే గడులు. వచ్చాయి. రాలేదు.

“వొచ్చినాయమ్మా,” అంది లక్ష్మణమ్మప్ప.

నేను ఎదురరుగు మీంచి ఎగిరి దూకినంత పని చేశాను. “అప్పా! అలా చెప్పేస్తే ఎలా? ఎప్పుడొచ్చాయి?”

“రిబ్బను కోసిన్నాడు వొచ్చినాయి కాదేటి?”

“ఆ పదకొండు నిమిషాలా?”

“ఎన్ని నిమిసాలైతే ఏటి! అమ్మోరి నెత్తిన పోసినాను, నా సేతుల్తో. పోసి, ఇప్పుడు రానేదని ఎలగ సెప్పమంతావు? మరి ఆయమ్మకి ఏటి పోసినట్టు? ఉట్టి బిందె సూపించి మోసం సేసినట్టా?”

ఆ పిల్ల ‘వచ్చాయి’ నొక్కింది. అప్ప చెప్పింది కదా అని పక్కిల్లూ వచ్చాయంది. దాని పక్కిల్లూ అంది. ముర్రాట పోసిన ఏ నోరూ రాలేదనలేదు. అరవై రెండో ఇల్లు మాది. నేనేమన్నానో కూడా రాయాలి కదా? వాచీ పట్టుకుని మరీ చూసినవాణ్ణి. నేనూ ‘వచ్చాయి’ అనే అన్నాను.

ఊరు ఊరంతా నిజం చెబితే ఏమవుతుందో చూడండి. నెల తిరిగేసరికి ఊరి మొగలో బోర్డు పెట్టారు, ‘ఇంటింటికీ కుళాయి నీరు, నూరు శాతం’. బోర్డు మాత్రం ఇనపది. ఇప్పటికి తుప్పు పట్టింది.

ఆ తరవాత వారమే జీపులో ఇద్దరు మనుషులొచ్చారు. రచ్చబండ పక్కనున్న మా చేతిబోరింగు బోల్టులు విప్పి, ఇనప చెయ్యి, గొలుసు, రాడ్లు బండిలో వేసుకున్నారు. అదేమిటని అడ్డం పడితే, “కుళాయిలున్న ఊరికి బోరింగెందుకండీ? ఇంకా నీళ్లు రాని ఊళ్లున్నాయి, వాళ్లకి బిగించాలి,” అన్నారు. అంత న్యాయంగా మాట్లాడేవాళ్లతో ఎలా దెబ్బలాడతాం? ఆ చెయ్యి ఆడితే కీచుమని వీధంతా మోగేది. ఇరవై దెబ్బలు కొడితేగానీ ధార పడేది కాదు. తుప్పు, గ్రీజు, మొరటు సరుకు! కాకపోతే దాన్లో నీళ్లొచ్చేవి.

అప్పటినుంచి మా ఊరికి నీళ్లు ఎక్కడివి? జీడితోట దాటాక పల్లంలో ఓ నేలనుయ్యి ఉంది, కిలోమీటరు దూరం. పొలం గట్టు మీద నడవాలి. మోటారు సైకిలున్నవాళ్లు డబ్బాలు కట్టుకుని తెచ్చుకుంటారు. లక్ష్మణమ్మప్పకి మోటారు సైకిలు లేదు. నెత్తిన ఒకటి, చంకన ఒకటి, పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి.

ఆవిడ వెనక జనం గొణుక్కోవడం మొదలైంది. ఈవిడ వచ్చాయనబట్టే కదా బోరింగు పోయింది అన్నారు. నూతి దగ్గర ఆవిడ వస్తే పక్కకి తప్పుకుంటూ, “రండి ప్రెసిడెంటు గారూ, ముందు మీరు తోడండి,” అనేవాళ్లు. అలా అన్న ప్రతివాళ్లూ ఆవిడ వెనకే ‘వచ్చాయి’ అన్నవాళ్లే. సోములు అందరికన్నా ఎక్కువ అన్నాడని తెలిసింది. కుళాయిలోంచే విన్నాను.

నేను రెండేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడి ఇంజనీరు మంచివాడు, కుర్చీ వేసి టీ ఇచ్చాడు.

“మాస్టారూ, సిస్టంలో మీ ఊరు గ్రీన్ అండి. గ్రీన్‌లో ఉన్న ఊరికి బోరింగు సామాను ఇస్తే ఆడిట్‌లో నన్నడుగుతారండి. మీ సంఘం అధ్యక్షురాలి వేలిముద్రతో గ్రీన్ అయింది కదా, మళ్లీ ఆవిడే ‘మా ఊరికి నీళ్లు రాలేదు’ అని కాయితం మీద వేలిముద్ర వేసిస్తే, పైకి పంపిస్తాను. చెయ్యి వెనక్కొస్తుంది.”

ఇంత చిన్నపనా అనుకున్నాను. ఆ రాత్రికి రాత్రే అందమైన దస్తూరీతో కాయితం రాశాను. పొద్దున్నే తీసుకెళ్లాను. ఆవిడ చదివించుకుని విని, కాయితం నా చేతికిచ్చేసింది.

“నాను ఏలుముద్ర ఎయ్యను మాస్టారూ.”

ఆవిడ నన్ను మాస్టారూ అందంటే కోపంగా ఉన్నట్టు.

“అప్పా, ఒక్క ముద్ర. బోరింగు చెయ్యి వస్తుంది. ఊరంతా బతుకుతుంది.”

“వొస్తే వొస్తాది. ఆయమ్మ నెత్తిన పోసిన నీల్లు నేవని నానెయ్యను. కావాలంటే నా తల మీద ఊరికందరికీ మోసుకొస్తాను.”

నాకు ఒళ్లు మండింది. అనకూడని మాటలన్నాను. మూఢనమ్మకం అన్నాను, మొండిముండవి అన్నాను. మూడు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. రోజూ పొద్దున్నే రెండు బిందెలతో నా అరుగు ముందునుంచే వెళ్లేది, నా వంక చూసేది కాదు. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఈ ఏడు తొలకరికి గట్టు నానింది. రెండు బిందెలతో వస్తూ ఆవిడ జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. మా ఇంటావిడ, నేను ఆటోలో విజయనగరం తీసుకెళ్లి పిండికట్టు వేయించుకొచ్చాం. దారిపొడుగునా ఆవిడ ఒకటే గోల, చెయ్యి గురించి కాదు, సొట్టపడ్డ బిందె గురించి. ఆటోలో ఆవిడ పక్కన కూర్చుని నాకు చచ్చేంత సిగ్గేసింది. ‘వచ్చాయి’ అన్నవాళ్లలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజు నేను రాలేదని గట్టిగా అనుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. నేను ముర్రాట పోయలేదన్న వంకతో అనగలిగేవాణ్ణే, నాస్తికుణ్ణని అందరికీ చెప్పుకుంటాను కూడా. అనలేదు.

కట్టు వేసుకున్నాక ఆవిడ నీళ్లకి వెళ్లలేకపోయింది. వీధిలోవాళ్లు రోజుకో బిందె తెచ్చి గుమ్మంలో పెట్టేవాళ్లు. ఎవరు పెట్టారో చూడకుండా ఆవిడ లోపలికి వెళ్లిపోయేది. ఒకరి దగ్గర మంచినీళ్లు పుచ్చుకోవడం ఆ మనిషికి చెయ్యి విరగడం కన్నా పెద్ద బాధ.

అప్పుడే రేఖ మళ్లీ సర్వేకి వచ్చింది.

“అమ్మమ్మా, నీళ్లొస్తున్నాయా?” అని అడిగి, కట్టు చూసి ఆగిపోయింది.

“ఇనుకో అమ్మా, సరిగ్గా రాసుకో,” అంది అప్ప. “అమ్మోరి వొంతు వొచ్చినాది. మా వొంతు రానేదు.”

“అలా రాయడానికి గడి లేదమ్మమ్మా. పాత ఇళ్లన్నీ గ్రీన్‌లో లాక్ అయిపోయాయి, మార్చనివ్వడం లేదు. కొత్తిల్లు ఏదైనా ఉంటే చేర్చడానికి మాత్రం ఉంది.”

అప్ప ఎడమచేత్తో గుడి వైపు చూపించింది. “అయితే అమ్మోరిల్లు రాయి. వొచ్చిన నీల్లు ఆయమ్మవి. ఎవులివి ఆలకి రాయాలి కదా.”

రేఖ నా వంక చూసింది. నేను పేపరు వంక చూశాను. ఆ పిల్ల రాసేసింది. ఇంటి నంబరు అరవై మూడు. ఇంటి యజమాని పేరు: అసిరితల్లి. ఆడ, మగ అన్నచోట ఆడ. కుటుంబ సభ్యులు: ఒకరు. ఇంట్లో కుళాయి ఉందా అన్నచోట మాత్రం, ఉన్నమాట, లేదు అని కొట్టింది.

ఇక చూడండి యంత్రాంగం ఎంత చురుకైనదో! మూడేళ్లు తిరిగినా ఓ ఇనప చెయ్యి రాని ఊరికి, పదిహేను రోజుల్లో మనుషులొచ్చారు. నూరు శాతం ఊళ్లో కుళాయి లేని ఇల్లొకటి ఉందట, పచ్చరంగు పోయి పసుప్పచ్చ అయిందట, పైనుంచి అక్షింతలు పడ్డాయట. అదే నలుపు, అదే నీలం గీత. భుజాన చుట్ట, నోట్లో బీడీ. సాయంత్రానికి అసిరితల్లి గుడి గుమ్మం పక్కన సిమెంటు దిమ్మ లేచింది. దాని మీద ముద్దుగా ఓ ప్లాస్టిక్ కుళాయి. ఫోటో తీసుకున్నారు. ఊరు మళ్లీ పచ్చబడింది.

కొత్త కుళాయి అంటే కట్టుబాటు తెలుసు కదా. మంగళవారం పొద్దున్నే డప్పు మోగింది. లక్ష్మణమ్మప్ప స్నానం చేసి, ఎడమచేత్తోనే పసుపు నూరి, కట్టు కట్టిన చెయ్యి చీర చెంగులో పెట్టుకుని బయల్దేరింది. ఖాళీ బిందె మా ఇంటావిడ మోసింది. నేనూ వెనకే వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడక్కండి, వాచీ అయితే పెట్టుకున్నాను.

గుడిలో దీపం పెట్టారు. కుళాయికి బొట్టుపెట్టారు. ఊరంతా నిలబడి ఉంది. సోములు కూడా. లక్ష్మణమ్మప్ప వంగి ఎడమచేత్తో కుళాయి తిప్పింది.

హుస్!

లోపల రాపిడి తక్కువని చెప్పాను కదా. గాలి ఎంత ధారాళంగా వచ్చిందంటే, గుమ్మంలో పెట్టిన దీపం ఆరిపోయింది.

డప్పు ఆగిపోయింది. ఆవిడ కుళాయి కట్టేసి, మళ్లీ తిప్పింది. ఇంకోసారి కట్టి, తిప్పింది. ఆ తరవాత అక్కడే గుమ్మంలో కూలబడి, లోపలికి తొంగి చూసింది.

“ఏటి తల్లీ? నీకు కూడా రానేదేటి?”

అడిగిన గొంతులో కోపం లేదు. నూతి దగ్గర కనబడిన ఇంకో ఆడమనిషిని పలకరించినట్టు ఉంది. ఆ తరవాత నన్ను పిలిచింది.

“తమ్ముడా. ఆ కాయితం ఉన్నాదా?”

ఉందా అంటే ఏం చెప్పను! చేయి విరిగిన రోజునుంచి జేబులోనే ఉంది, చెమటకి మడతలు పడి. తీసి ఇచ్చాను.

“నా ఒక్కదాని మాటయితే నానెయ్యను. ఇప్పుడు ఆయమ్మే సెప్పినాది, రానేదని. ఊరందరూ ఇన్నారు కదా? ఇంకేటి మరి, సిరా తే.”

పిండికట్టులోంచి బొటనవేలు చివర కొంచెమే బయటికుంది. సిరా రాసి, నేనే ఆ చెయ్యి పట్టుకుని కాయితం మీద నొక్కాను. పక్కన సాక్షి సంతకం నాది. ఆ కింద రెండో సాక్షిగా సోములు అడక్కుండానే వచ్చి పెట్టాడు. అతనితో మాట్లాడక తప్పలేదు, పెన్ను నాది మరి.

కాబట్టి ప్లాస్టిక్ పైపు వల్ల లాభం లేదని ఇకముందు ఎవరైనా అంటే ఊరుకోను. నీళ్లు మోయలేకపోయినా, మూడేళ్లుగా మా ఊరి గొంతులో అడ్డుపడి ఉన్న మాటని బయటికి మోసుకొచ్చింది అదే. అందుకోసం అమ్మవారికి కూడా నోరు తెరవక తప్పలేదు.

కాయితం నిన్న పోస్టులో వేశాను. పైపుని ఏమీ అనలేదు, దాని మీద నాకు గౌరవమే. మిగిలిన నలభై ఏడేళ్లూ అది అలాగే నిగనిగలాడుతూ ఉండవచ్చు. కాయితంతో జతచేసిన దరఖాస్తులో ‘మీ ఊరికి కావలసినది’ అన్నచోట మాత్రం లక్ష్మణమ్మప్ప చెప్పినట్టే, ఓ అక్షరం తగ్గించకుండా రాశాను:

“బోరింగు ఇనప చెయ్యి ఒకటి. తుప్పట్టినదైనా పర్వాలేదు.”